నాలుగు మిల్లీమీటర్ల తేడా

2024 జులైలో మాటెల్ కంపెనీ చూపు లేని బార్బీ బొమ్మను బజారులోకి తెచ్చింది. చేతిలో తెల్లకర్ర, అది పట్టుకోవడానికి వీలుగా వంగే మోచేతులు, తడిమితే తేడా తెలిసే కుచ్చుల లంగా, పెట్టె మీద బ్రెయిలీలో పేరు. అమెరికన్ ఫౌండేషన్ ఫర్ ద బ్లైండ్ సలహాతో చేసిన బొమ్మ అది. ఇలాంటి వస్తువు వచ్చినప్పుడల్లా కొందరు మురిసిపోతారు. మరికొందరు "చదువుకూ ఉద్యోగానికీ దిక్కులేదు గానీ, బొమ్మలూ పేకముక్కలూనా, మరీ అతి" అంటారు. అతి అనే మాట నేనూ వాడతాను. కానీ బొమ్మ విషయంలో వాడను.

చూపున్న పిల్లాడికి బొమ్మ కొంటే దాని ప్రయోజనం ఏమిటని ఎవరూ నిలదీయరు. చూపు లేని పిల్లకు కొనేసరికి ఆ ప్రశ్న వచ్చి కూర్చుంటుంది. ఆమె చేతికి వచ్చే ప్రతి వస్తువూ ఆమెను ఉద్ధరించేదే కావాలని మన మనసులో ఎక్కడో ఉంది. లెగో బ్రెయిలీ ఇటుకలనే చూడండి. బ్రెజిల్‌లోని డోరినా నోవిల్ ఫౌండేషన్ వంటి అంధుల సంస్థల ఆలోచన అది, 2020లో పిల్లలకు అందింది. ఇటుక మీది బొడిపెలే బ్రెయిలీ చుక్కలు, పక్కనే అదే అక్షరం మామూలు అచ్చులో ఉంటుంది. చెల్లెలు వేళ్లతో చదివింది అన్న కళ్లతో చదువుతాడు, ఇద్దరూ ఒకే చాప మీద ఆడుకుంటారు. ఆ డబ్బు తెల్లకర్రలకు పెట్టొచ్చు కదా అంటారా? బొమ్మల కంపెనీ బొమ్మ మానేసినంత మాత్రాన ఎవరి చేతికీ కర్ర రాదు.

అతి ఎక్కడుందంటే, లోపం మన ఏర్పాట్లలో ఉంచుకుని, దాన్ని దాటే పరికరాన్ని చూపు లేని మనిషి చేత కొనిపించడంలో. మన నోట్లే చూడండి. పాత వరుసలో వంద నోటు పొడవు 157 మిల్లీమీటర్లు, అయిదు వందలది 167. చేతికి ఆ తేడా తెలిసేది. 2016 తర్వాతి కొత్త వరుసలో వంద 142, రెండు వందలు 146, అయిదు వందలు 150, వెడల్పు మూడింటికీ 66. పక్క పక్క నోట్ల మధ్య తేడా నాలుగు మిల్లీమీటర్లు, ఒక బియ్యపు గింజ పొడవు కూడా లేదు. అంచున ఉబ్బెత్తు గీతలు ఉన్న మాట నిజమే, వంద మీద నాలుగు, అయిదు వందల మీద అయిదు. పది చేతులు మారి, చెమట తగిలి, నోటు మెత్తబడేసరికి అవి వేలికి దొరకవు. అందుకే చాలామంది అయిదు వందలను నిలువునా, రెండు వందలను అడ్డంగా మడిచి గుర్తు పెట్టుకుంటారు.

నేషనల్ అసోసియేషన్ ఫర్ ద బ్లైండ్ ఈ నోట్ల మీద బొంబాయి హైకోర్టుకు వెళ్లింది. ఆ కేసు నడుస్తుండగా, 2020 జనవరిలో రిజర్వు బ్యాంకు మనీ అనే యాప్ తెచ్చింది. నోటును ఫోను కెమెరా ముందు పెడితే విలువ చెబుతుంది, ఇంటర్నెట్ లేకున్నా పనిచేస్తుంది. యాప్‌గా దానికి వంక పెట్టను. కానీ కిక్కిరిసిన బస్సులో కండక్టర్ చిల్లర చేతిలో పెట్టాడనుకోండి. ఒక చేత్తో రాడ్డు, ఇంకో చేత్తో కర్ర. ఫోను ఏ చేత్తో తీయాలి? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చూపు లోపం ఉన్నవాళ్లు 50 లక్షలకు పైనే. తమ జేబులోని నోటు ఎంతదో తెలియడానికి వాళ్లంతా స్మార్ట్‌ఫోను కొనుక్కోవాలనడం బార్బీ బొమ్మ కంటే ఎన్నో రెట్లు అతి.

నడక సంగతీ ఇంతే. మన హైదరాబాద్ సంస్థ డ్యూసెర్ టెక్నాలజీస్ లేచల్ అనే బూట్లు చేసింది. ఫోనులో దారి పెట్టుకుంటే ఎడమకు తిరగాల్సిన చోట ఎడమ బూటు, కుడికి తిరగాల్సిన చోట కుడి బూటు అదురుతుంది. తెలివైన పనే. అయితే మూత లేని మ్యాన్‌హోల్ ఫోనుకు దారి చెప్పే ఉపగ్రహానికి కనపడదు, కర్రకు తగులుతుంది. ఢిల్లీ ఐఐటీ వాళ్ల స్మార్ట్‌కేన్ ఆ కర్రను తీసెయ్యలేదు. మోకాలి పైన ఉండేవి, అంటే వేలాడే కొమ్మ, ఆగిన లారీ వెనక భాగం కర్రకు అందవు కాబట్టి, ఆ కర్రకే బిగించుకునే పరికరం తయారుచేశారు. చూపు లేనివాళ్లతో ఏళ్ల తరబడి నడిపించి చూశాకే 2014లో బయటికి తెచ్చారు.

లోకం మారేదాకా ఈ పరికరాలే దిక్కు కదా అంటారు. ఒప్పుకుంటాను. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ 2006 నుంచి ఉచితంగా దొరుకుతోంది, దానితో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లున్నారు. యాప్ ఉంది కదా అని నోటును, బూట్లున్నాయి కదా అని ఫుట్‌పాత్‌ను వదిలెయ్యడం దగ్గరే నా గొడవ. రాజీవ్ రతూరీ కేసులో 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే: అందుబాటు ప్రమాణాలు ఇష్టమైతే పాటించే సలహాలు కావు, తప్పనిసరి నియమాలుగా ఉండాలి.

మందుల విషయంలో ఐరోపా సమాఖ్య 2004లోనే ఆ పని చేసింది. అక్కడ మందు పెట్టె మీద పేరు బ్రెయిలీలో ఉండాలి. మనకు పెట్టెలు కూడా రావు, స్ట్రిప్ కత్తిరించి ఇస్తారు. బీపీ మాత్రలకు ఒక రబ్బరు బ్యాండు, షుగరు మాత్రలకు రెండు చుట్టుకుని గుర్తు పెట్టుకునేవాళ్లు ఎందరో. బ్రెయిలీ చట్టం మనకూ రావాలి. అందాకా మెడికల్ షాపుల వాళ్లకు నాదొక విన్నపం. చూపు లేని మనిషికి నాలుగు మాత్రలు కత్తిరించి ఇచ్చేటప్పుడు పేరూ గడువు తేదీ ఉన్న ముక్కను వాళ్లకే ఇవ్వండి, ఫోను దాన్ని చదివి వినిపిస్తుంది. రబ్బరు బ్యాండు కూడా మీరే చుట్టి, ఏది దేనికో నోటితో చెప్పండి.