ఎవరి చెవులతో వింటున్నాం?

కళాఖండం పుట్టడం ఒక ఎత్తు. దానిని గుర్తించే సహృదయుడు లభించడం మరొక ఎత్తు. ఈ రెండింటి నడుమ ఎంతటి ఎడబాటు ఏర్పడగలదో 1982లో వెలువడిన ఒక గ్రామఫోను రికార్డు చరిత్ర తెలియజేస్తుంది.

బొంబాయి సినీ వాద్యబృందాలలో గిటారు, సింథసైజరు వాయించిన చరణ్‌జిత్ సింగ్ ఆ సంవత్సరం ‘సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’ అనే రికార్డును హెచ్.ఎం.వి. ద్వారా వెలువరించారు. భైరవ్, లలిత్, భూపాలి, యమన్, మాల్‌కౌంస్ మొదలైన పది రాగాలను జపాను దేశపు రోలాండ్ సంస్థవారి విద్యుత్ వాద్యాలపై పలికించారు. తాళానికి టి.ఆర్.-808, మంద్రస్వరాలకు టి.బి.-303, రాగానికి జూపిటర్-8 ఆయన సాధనాలు. నాటి శ్రోతలు ఆదరించలేదు. విమర్శకులు పట్టించుకోలేదు. రికార్డు మరుగున పడింది.

2010లో హాలండుకు చెందిన బాంబే కనెక్షన్ సంస్థ దానిని తిరిగి విడుదల చేసింది. పాశ్చాత్య విమర్శకులు నిర్ఘాంతపోయారు. 1987లో షికాగో నగరపు ‘ఫ్యూచర్’ బృందం ‘ఆసిడ్ ట్రాక్స్’తో ఆరంభించిందనుకున్న ‘ఆసిడ్ హౌస్’ సంగీతపు ధ్వని అయిదేళ్ళ ముందే బొంబాయిలో వినిపించిందని కొనియాడారు. కొందరైతే ఇది ఏఫెక్స్ ట్విన్ వంటి ఆధునిక సంగీతకారుడెవరో పన్నిన బూటకమని సైతం అనుమానించారు.

ఆ పొగడ్తకూ ఈ అనుమానానికీ మూలం ఒక్కటే. ఇరువురి చేతిలోనూ ఉన్న కొలబద్ద షికాగోది. టి.బి.-303 యంత్రానికి ఒక స్వరం నుండి మరొక స్వరానికి జారే గుణమున్నది. ఆ జారుడులో మన గమకపు ఛాయను చరణ్‌జిత్ సింగ్ వెదికారు. భూపాలి మన మోహన. మాల్‌కౌంస్ మన హిందోళం. ఈ బంధుత్వం తెలిసిన రసికుడు అడుగవలసిన ప్రశ్నలు వేరు. 1978లో బ్రయన్ ఈనో ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’ ద్వారా పరిసరాలను ఆవరించే సంగీతాన్ని ప్రతిపాదించారు. తెల్లవారుజాముకు లలిత్, అర్ధరాత్రికి మాల్‌కౌంస్ అని వేళనుబట్టి వాతావరణాన్ని కల్పించిన హిందుస్థానీ సంప్రదాయం అంతకు ఎంతో పూర్వమే ఉన్నది. మరి వేకువ రాగానికీ నడిరేయి రాగానికీ ఒకే డిస్కో లయ తగునా? యంత్రతాళం విలంబకాలపు ఆలాపనను హరించిందా? ఈ ప్రశ్నలను 1982లోనే మన పత్రికలు అడిగి ఉంటే, నిందించినా సరే, ఆ కళాకారునికి న్యాయం జరిగి ఉండేది. 2015లో మరణించిన ఆయనకు కీర్తి దక్కినది చివరి అయిదేళ్ళలోనే.

ఇది బొంబాయి ముచ్చట మాత్రమే కాదు. మన మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు కంచుమేళం, కంచుతాళాలతో సమ్మక్క సారలమ్మల గాథలను కోయభాషలోనూ తెలుగులోనూ గానం చేశారు. 2022లో పద్మశ్రీ ప్రకటించేదాకా ఖమ్మం, భద్రాచలం పట్టణవాసులలో ఎందరు ఆయనను విన్నారు? 2024లో ఆయన కన్నుమూశారు. బిరుదును గూర్చి వ్రాసినవారు చాలామంది. ఆ గానపు నడకను, గాథను మలచిన తీరును గూర్చి వ్రాసినవారు అరుదు.

విద్యార్థి మిత్రులారా! నేడు చేతిలోని ఫోనే శబ్దగ్రాహక యంత్రం. అడవి అంచు గూడేలలో పాడే పెద్దలు ఇంకా ఉన్నారు. వారి అనుమతితో పాటను భద్రపరచండి. అంతటితో ఆగక, అది ఎందుకు బాగున్నదో, ఎక్కడ బాగులేదో మీ మాటలలో వ్రాయండి. పరాయివారి మెప్పు ఎప్పుడైనా రావచ్చు. మొదటి విమర్శ మాత్రం ఇంటివారు చేయవలసినదే.