టిహువానా టికెట్ కొనే ముందు

ఇరాక్‌లోనో అఫ్గానిస్థాన్‌లోనో పోరాడి వచ్చిన అమెరికన్ మాజీ సైనికుడికి రాత్రిళ్లు నిద్ర ఉండదు. ఎక్కడో తలుపు ధడేలుమంటే చెయ్యి, దగ్గర లేని తుపాకీ కోసం వెతుకుతుంది. ఏళ్ల తరబడి మాత్రలు మింగినా తగ్గని ఈ పీటీఎస్‌డీకి విరుగుడు ఉందని విని, అలాంటివాళ్లు సరిహద్దు దాటి మెక్సికోలోని టిహువానాకు వెళ్తున్నారు. అక్కడి క్లినిక్కుల్లో ఇచ్చేది ఐబోగెయిన్. మధ్య ఆఫ్రికాలోని గబాన్ అడవుల్లో పెరిగే ఇబోగా పొద వేరు బెరడులో ఉండే పదార్థమిది. అమెరికాలో నిషిద్ధం. వెళ్లేవాళ్లకూ, వాళ్లను వెళ్లమని ఎగదోసేవాళ్లకూ ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. ఐబోగెయిన్ గుండెను ఆపగలదు.

ఎలాగో తెలుసుకోవాలి. గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్లీ కొట్టుకునేలోపు దాని విద్యుత్తు సర్దుకోవాలి. అందుకు కణాల్లోంచి పొటాషియం బయటికి పోవాలి. ఐబోగెయిన్ ఆ దారికే అడ్డుపడుతుంది. దాంతో సర్దుకునే వ్యవధి సాగుతుంది. ఈసీజీలో డాక్టర్లు క్యూటీ అని కొలిచేది దీన్నే. మరీ సాగితే లయ తప్పి, నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. పైగా ఈ మందు కాలేయంలో నోరిబోగెయిన్‌గా మారి రోజుల తరబడి ఒంట్లో తిరుగుతుంది. మత్తు దిగింది కదా అని హోటల్ గదికి చేరుకున్నంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. కొందరి కాలేయం పుట్టుకతోనే దీన్ని నెమ్మదిగా కరిగిస్తుంది. వాళ్లకు మామూలు మోతాదే అతి మోతాదు. ఆ సంగతి వాళ్లకే తెలియదు.

1990 నుంచి 2008 వరకు ఐబోగెయిన్ తీసుకున్నాక సంభవించిన 19 మరణాల వివరాలను 2012లో పరిశోధకులు ప్రచురించారు. శవపరీక్ష సమాచారం సరిపడా దొరికినవి 14. అందులో 12 మందిలో ముందునుంచీ ఉన్న గుండెజబ్బులాంటి సమస్యలో, ఒంట్లో వేరే మత్తుమందులో బయటపడ్డాయి. నాకు గుండెజబ్బు లేదులే అని ధైర్యం చెప్పుకునేవాళ్లు గమనించాలి. లేదని తేల్చేది పరీక్షే, నమ్మకం కాదు.

మరి స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు బాగా పనిచేస్తుందన్నారు కదా అంటారు. అన్నారు. 2024 జనవరిలో నేచర్ మెడిసిన్‌లో వచ్చిన ఆ అధ్యయనంలో ప్రత్యేక దళాల్లో పనిచేసిన 30 మంది ఉన్నారు. నెల తర్వాత చూస్తే పీటీఎస్‌డీ లక్షణాలు సగటున 88 శాతం తగ్గాయి. అంకె గొప్పదే, కొట్టిపారేయలేం. అయితే మందు ఇచ్చింది స్టాన్‌ఫర్డ్ కాదు, మెక్సికో క్లినిక్. స్టాన్‌ఫర్డ్ బృందం ముందూ తర్వాతా పరీక్షలు చేసింది. పోల్చి చూడటానికి ఉత్తుత్తి మందు ఇచ్చిన బృందం లేదు. అన్నిటికంటే ముఖ్యం, గుండెకు రక్షణగా ఐబోగెయిన్‌తోపాటు మెగ్నీషియం ఇచ్చారు. ఆ మెగ్నీషియమూ, గుండెను కనిపెట్టుకుని ఉండే మానిటరూ లేని గదిలో పడుకోబెట్టినవాడికి ఆ 88 శాతం వర్తించదు. ప్రచారంలో అంకె మాత్రం ముందుకొస్తోంది, మెగ్నీషియం వెనకపడిపోతోంది.

టెక్సస్ 2025 జూన్‌లో ఐబోగెయిన్ క్లినికల్ ట్రయల్స్‌కు 5 కోట్ల డాలర్లు కేటాయిస్తూ చట్టం చేసింది. మాజీ గవర్నర్ రిక్ పెర్రీ దీనికోసం గట్టిగా తిరిగారు. ఆసుపత్రిలో, నిఘాలో, లెక్క రాసుకుంటూ పరీక్షించడానికి ఖర్చు పెడితే మాకేమీ అభ్యంతరం లేదు. ఇలాంటి పని ఇంకా ముందే జరగాల్సింది. మా భయమల్లా, ట్రయల్స్ ముగిసేదాకా ఆగలేం, ఇప్పుడే ఇచ్చేయండి అంటున్న గొంతుల గురించే.

పీటీఎస్‌డీకి ఇలాగే పరీక్షించిన మరో మత్తుమందు ఎండీఎంఏ కథ చూడండి. 2023లో 104 మందితో చేసిన మూడో దశ ట్రయల్‌లో, మందుతో చికిత్స పొందినవాళ్లలో 71 శాతం మందికి పీటీఎస్‌డీ నిర్ధారణే పోయింది. ఉత్తుత్తి మందుతో అదే కౌన్సెలింగ్ పొందినవాళ్లలోనూ 48 శాతానికి పోయింది. 2024 జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘం కూర్చుని, ప్రయోజనం కంటే ముప్పే ఎక్కువన్న దిశగా 10-1తో ఓటేసింది. ఆగస్టులో ఎఫ్‌డీఏ అనుమతి నిరాకరించి, మరో ట్రయల్ చేసి రమ్మంది. అసలు మందు ఎవరికి అందిందో తీసుకున్నవాళ్లే కనిపెట్టేస్తుంటే ఫలితాన్ని నమ్మడం కష్టం. అంతకుముందు కెనడాలో జరిగిన ఒక ఎండీఎంఏ ట్రయల్‌లో మందు ప్రభావంలో ఉన్న మహిళతో థెరపిస్టులు అనుచితంగా ప్రవర్తించారు. ఈ చికిత్సలో మనిషి గంటల తరబడి తన కాపలా తాను వదిలేసి ఉంటాడు. గదిలో ఎవరున్నారన్నది మోతాదు ఎంతన్నదానికి తీసిపోని ప్రశ్న.

ఈ ఆలస్యం మీద మాజీ సైనికుల సంఘాల కోపం మాకు అర్థమవుతుంది. 2022లో ఒక్క ఏడాదే అమెరికాలో 6,407 మంది మాజీ సైనికులు ఆత్మహత్య చేసుకున్నారు. కానీ చావుల లెక్క చూపించి భద్రత లెక్క అడగొద్దనడం వాళ్లకు చేసే ఉపకారం కాదు.

అమెరికాలోని తెలుగువాళ్లకు ఇంకో ముప్పుంది. ఓరెగాన్, కొలరాడోల్లో ఇదే కోవకు చెందిన సైలోసైబిన్ పుట్టగొడుగులకు లైసెన్సు కేంద్రాలున్నాయి. రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోలేదు. ఇమిగ్రేషన్ నడిచేది ఫెడరల్ చట్టం మీదే. వాడానని వీసా ఇంటర్వ్యూలో ఒప్పుకుంటే, కేసు లేకపోయినా అమెరికా తలుపు మూసుకుపోవచ్చు. ఇక ఇండియాలో వైద్యం పేరు చెప్పి ఇలాంటివి తెప్పించుకుంటాం అనుకునేవాళ్లకు: మన మత్తుమందుల చట్టం ఎన్‌డీపీఎస్ కింద ఇదే కోవలోని ఎల్‌ఎస్‌డీ గ్రాములో పదోవంతు దాటితే వాణిజ్య పరిమాణం, శిక్ష కనీసం పదేళ్లు.

ఎవరి మాటో విని, వాడుతున్న డిప్రెషన్ మాత్రలను హఠాత్తుగా ఆపకండి. వాటిని వాడుతూ పైన ఈ మత్తుమందులు వేసుకోకండి. మీ డాక్టరుకు దాచకండి. అమెరికాలో మాజీ సైనికులు 988కి ఫోన్ చేసి 1 నొక్కితే ఏ వేళైనా మనిషి మాట్లాడతాడు. ఇండియాలో మాజీ సైనికులైనా, వాళ్ల ఇంట్లోవాళ్లైనా టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు తీసుకోరు.