పట్టణాల్లో పాటకు చోటేది?

2025 జనవరి చివరి వారంలో కోల్డ్‌ప్లే బృందం అహ్మదాబాదు స్టేడియంలో రెండు రోజులు పాడి వెళ్లింది. ఆ వెంటనే భువనేశ్వర్‌లో జరిగిన పెట్టుబడుల సదస్సులో ప్రధాని మోదీ ఆ కచేరీలను ప్రస్తావించారు. ఇటువంటి కార్యక్రమాల వల్ల పర్యాటకం పెరుగుతుందని, ఉపాధి లభిస్తుందని, రాష్ట్రాలు తగిన వసతులపై దృష్టి పెట్టాలని సూచించారు. అప్పటినుంచి ‘కాన్సర్ట్ ఎకానమీ’ అన్న మాట అధికార ప్రసంగాల్లో తరచుగా వినబడుతోంది.

ఆ మాటతో నాకు పేచీ లేదు. పాట వినడానికి లక్షమంది ఒకచోట చేరడం మంచి విషయమే. నా పేచీ ఆ ఆర్థిక వ్యవస్థ భూగోళంతో. దానికి విశాలమైన మైదానం కావాలి, విమానాశ్రయం కావాలి, నక్షత్రాల హోటళ్లు కావాలి. ఇవేవీ లేని గద్వాల, నరసరావుపేట, బలంగీర్ వంటి ఊళ్లు ఆ పటంలో కనబడవు. మన దేశంలో సంగీతం చాలాభాగం పెరిగింది మాత్రం అటువంటి ఊళ్లలోనే.

ధార్వాడ ప్రాంతాన్నే చూడండి. కిరానా ఘరానాకు చెందిన అబ్దుల్ కరీం ఖాన్ మిరజ్‌లో స్థిరపడ్డారు. మైసూరు ఆస్థానం నుంచి పిలుపు వచ్చినప్పుడల్లా రైలులో వెళుతూ దారిలో ధార్వాడలో ఆగేవారు. కుందగోళకు చెందిన సవాయి గంధర్వ ఆయనకు శిష్యుడయ్యారు. సవాయి గంధర్వ వద్ద గంగూబాయి హానగల్, గదగ్ ప్రాంతపు భీమ్‌సేన్ జోషి నేర్చుకున్నారు. మల్లికార్జున మన్సూర్‌దీ ధార్వాడ పక్క పల్లెటూరే. ఇదంతా ఆ మట్టి మహిమ అని సెలవిచ్చేవారున్నారు; నేను నమ్మను. అక్కడ రైలు మార్గం ఉంది, ఊరూరా నెలల తరబడి మకాం వేసే నాటక కంపెనీలున్నాయి, ఇరుపక్కలా సంస్థానాల ఆదరణ ఉంది, తర్వాత ఆకాశవాణి కేంద్రం వచ్చింది. పాడేవాడికి ఈ వారం కాకపోతే వచ్చేవారం వేదిక దొరికే ఏర్పాటు అది.

మనవైపు విజయనగరంలో 1919లో మహారాజా సంగీత కళాశాల వెలిసింది. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాలు, ఆ తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు. ఘంటసాల, సుశీల అక్కడ చదువుకున్నవారే. కాకినాడ సరస్వతీ గానసభ వయసు శతాబ్దం దాటింది. అంటే నేర్పే చోటు ఉంది, వినే సంప్రదాయమూ ఉంది. అయినా నేర్చుకున్నవారు మద్రాసు రైలెక్కవలసి వచ్చింది. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడ్డారు. పాఠశాల పెట్టిన ప్రభువులకు లోటు లేదు. పాఠం పూర్తయిన తర్వాత ఏం తిని బతుకుతారన్నది మాత్రం ఎవరి పద్దులోనూ చేరలేదు.

గత ఎన్నికల పర్యటనలో ఒక జిల్లా కేంద్రంలో ఆగాను. పురపాలక సంఘం కట్టించిన కళాక్షేత్రం తాళం వేసి ఉంది. గోడమీద అద్దెల పట్టిక: వివాహాలు, రాజకీయ సభలు, వస్త్ర ప్రదర్శనలు. సంగీత కచేరీ ఏ వరుసలో వస్తుందని కాపలాదారును అడిగితే ‘ఇతరములు’ అని చూపించాడు. ఆ సాయంత్రం ప్రచార రథంపై రిథమ్ ప్యాడ్స్ వాయిస్తున్న ఒకాయన పరిచయమయ్యాడు. పగలు సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. ‘వినాయక చవితికి ఇదివరకు మా ఆర్కెస్ట్రానే పిలిచేవారు సార్. ఎనిమిదిమందికి ఇచ్చే బదులు ఒక డీజే బండికి ఇస్తే సరిపోతుందంటున్నారు. ఎన్నికలొస్తేనే మాకు పండుగ. ట్యూను అదే, జెండా మారుతుందంతే’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఆయన చెప్పినది చిన్న విషయం కాదు. మన రాజకీయాలకు పాట విలువ బాగా తెలుసు. ధూంధాం వేదికలు లేకుండా తెలంగాణ ఉద్యమాన్ని ఊహించలేం. రాష్ట్రం వచ్చాక తెలంగాణ సాంస్కృతిక సారథి పేరిట 550 మంది కళాకారులకు ప్రభుత్వ కొలువులు ఇచ్చారు. కళాకారుడికి నెల జీతం అన్న ఆలోచనను నేను ఇప్పటికీ సమర్థిస్తాను. కాని ఆ కొలువులో వారికి అప్పగించిన పని ముఖ్యంగా ప్రభుత్వ పథకాల ప్రచారం. ప్రశ్నించి ఉద్యమాన్ని నడిపిన గొంతుకు జీతంతోపాటు పల్లవి కూడా పైనుంచే అందింది.

ఇక కేంద్ర ప్రభుత్వం పేద కళాకారులకు నెలకు 6,000 రూపాయల దాకా భృతి ఇస్తుంది. అందుకు 60 ఏళ్లు నిండాలి, వార్షికాదాయం 72,000 దాటకూడదు. పాడగల వయసులో వేదిక చూపకుండా, గొంతు పోయాక సానుభూతి చూపించే పద్ధతి ఇది.

పన్నులే అడ్డు అనే వాదన ఒకటుంది. పట్టణాల విషయంలో దానికి పస లేదు. 500 రూపాయల వరకు ఉన్న సంగీత కచేరీ టికెట్టుపై జీఎస్టీ లేదు. శాస్త్రీయ, జానపద కళాకారుల ప్రదర్శనకు లక్షన్నర రూపాయల పారితోషికం వరకు మినహాయింపు ఉంది. అడ్డుపడేవి వేరే: హాలు అద్దె, మైకు అనుమతి కోసం పోలీసు స్టేషను చుట్టూ ప్రదక్షిణలు, ఫలానా రోజు ఫలానా చోట పాట ఉంటుందన్న నమ్మకం జనానికి లేకపోవడం. రాత్రి పదింటి తర్వాత లౌడ్‌స్పీకర్లు కూడదన్న నిబంధన న్యాయమైనదే. అయితే సాంస్కృతిక, మతపరమైన పండుగలకు ఏడాదిలో 15 రోజులు అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం అదే నిబంధనల్లో రాష్ట్రాలకు ఉంది. అందులో రెండు రోజులు ఊరి సంగీతోత్సవానికి కేటాయించమని కోరిన శాసనసభ్యుడు నాకింతవరకు తారసపడలేదు.

రాజ్యాంగం ఈ బాధ్యతను ఎవరికి అప్పగించిందో గుర్తుచేసుకోవాలి. 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో పురపాలక సంఘాలకు అప్పగించదగిన 18 అంశాలున్నాయి. పదమూడవది సాంస్కృతిక, విద్యా, కళాభిరుచులను పెంపొందించడం. జీఎస్టీ వచ్చాక కూడా వినోదపు పన్ను వసూలు చేసుకునే వెసులుబాటును స్థానిక సంస్థలకే మిగిల్చారు. కాగితం మీద బాధ్యతా ఉంది, రాబడి మార్గమూ ఉంది. కాని పురపాలక సంఘాలకు వీధి దీపాల బిల్లు కట్టడమే గగనమైన చోట పదమూడవ అంశాన్ని ఎవరు చదువుతారు?

మేఘాలయ మరో దారి పట్టింది. అక్కడి గ్రాస్‌రూట్స్ మ్యూజిక్ ప్రాజెక్టు కింద స్థానిక గాయకులకు, బ్యాండ్లకు ప్రభుత్వమే పారితోషికం చెల్లించి బహిరంగ స్థలాల్లో క్రమం తప్పకుండా పాడిస్తుంది. ముఖ్యమంత్రి పేరు తగిలించుకున్న పథకం గనుక దానిలో రాజకీయ ప్రయోజనం లేదనను. ఎడ్ షీరన్‌ను షిల్లాంగుకు రప్పించుకున్న రాష్ట్రమే ఊళ్లోని కుర్రాళ్ల బ్యాండుకు కూడా డబ్బిచ్చి వేదిక చూపింది. స్టేడియం ఒకటే చాలదని వారికి తెలిసింది.

‘పట్టణాల్లో ఎవరు వస్తారండీ వినడానికి’ అనేవారు జలంధర్ వెళ్లి చూడాలి. దేవీ తాలాబ్ దగ్గర హరివల్లభ్ సంగీత సమ్మేళనం 1875 నుంచి నడుస్తోంది. డిసెంబరు చివరి చలిలో జరిగే ఉత్సవం, ప్రవేశం ఉచితం. వినే అలవాటు ఒక్క ఉత్సవంతో రాదు, ఒక ప్రభుత్వంతోనూ రాదు.

నేను కోరేది కోట్ల వ్యవహారం కాదు. ప్రతి పురపాలక కళాక్షేత్రాన్నీ నెలకు నాలుగు సాయంత్రాలు అద్దె లేకుండా స్థానిక సంగీతానికి తెరవాలి. కర్ణాటక కచేరీ అయినా, డప్పు బృందమైనా, పాత సినిమా పాటల ఆర్కెస్ట్రా అయినా సరే. ఏది సంగీతమో తేల్చే అధికారం కమిషనరుకు వద్దు. పారితోషికం చెక్కు ఆ రాత్రే చేతికందాలి. పథకాల పాటలు ఆ నాలుగు సాయంత్రాల్లో వినబడకూడదు.

దీనికి పార్లమెంటు చట్టం అక్కర్లేదు, కౌన్సిలు తీర్మానం చాలు. తదుపరి పురపాలక ఎన్నికల్లో అభ్యర్థి మీ గుమ్మంలోకి వచ్చినప్పుడు, నీళ్ల కుళాయి గురించి అడిగాక, ఆ హాలు తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా అడగండి.