పెడతల ఫోటోలు

పిల్లలూ, మీ పెడతలను మీరెన్నడైనా చూసుకున్నారా? ఊళ్ళో అందరికీ అది కనిపిస్తుంది గాని మనకు మాత్రం కనిపించదు. వెలుతురు తిన్నగా పోతుందే తప్ప, తల చుట్టూ తిరిగి కంటిలోకి రాదు గదా! అందుకే క్షవరం అయాక మన వెనక చిన్న అద్దం పట్టి చూపిస్తారు. పెడతల మీది వెలుతురు ఆ అద్దానికి తగిలి, ఎదుటి పెద్ద అద్దానికి పోయి, అక్కణ్ణించి మన కంటికి చేరుతుంది.

ఇలాటి సందేహమే యాంగ్‌యాంగ్ అనే ఎనిమిదేళ్ళ కుర్రవాడికి వచ్చింది. వాడు నిజం కుర్రవాడు కాడు, సినిమాలో కుర్రవాడు. వాడుండేది తైవాన్ దీవికి ముఖ్యపట్టణమైన తైపేలో. నీకు కనిపించేది నాకు కనిపించదు, నాకు కనిపించేది నీకు కనిపించదు, అలాటప్పుడు మనకు తెలిసేది సగం నిజమేనా అని వాడు తండ్రిని అడిగాడు. తండ్రి వాడి చేతికి కెమేరా ఇచ్చాడు.

వాడేం చేశాడనుకున్నారు? మొదట దోమల ఫోటోలు తీశాడు! ఫోటోలో దోమ కనబడుతుందా? బడిలో మాస్టారు ఆ ఫోటోలు చూసి పిల్లలందరి ఎదటా ఎగతాళి చేశాడు. అయినా వాడు మానలేదు. అందరి పెడతలలూ ఫోటోలు తీసి, ఎవరిది వారికే ఇవ్వసాగాడు. వాళ్ళు చూసుకోలేరు గనక వాడు చూపిస్తున్నాడు, అంతే!

ఈ సినిమా పేరు ‘యి యి’. అంటే ‘ఒకటి ఒకటి’ అని అర్థం. చీనా లిపిలో ఒకటి అంకెను ఒక అడ్డగీతగా రాస్తారు. ఒక గీత కింద మరొక గీత పెడితే అది చూడటానికి రెండులాగే ఉంటుంది. 2000 సంవత్సరంలో ఈ సినిమాకు ఫ్రాన్సులోని కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమానం వచ్చింది.

ఆ దర్శకుడు ఎడ్వర్డ్ యాంగ్. (ఈ యాంగూ, కుర్రవాడి పేరులోని యాంగూ పలకడానికి ఒకటేగాని, రాసే అక్షరాలు వేరు.) ఆయన 1947లో షాంఘైలో పుట్టాడు. పసితనంలోనే ఇంటిల్లిపాదీ తైపేకు వచ్చేశారు. చిన్నప్పుడు ఆయనకు జపానువారి బొమ్మల కథలంటే ప్రాణం, తానూ బొమ్మలు గీసేవాడు. కాని చదివింది మాత్రం విద్యుత్తు ఇంజనీరింగు. అమెరికా వెళ్ళి అక్కడ సియాటిల్ నగరంలో కంప్యూటర్ల ఉద్యోగం చేశాడు. మంచి ఉద్యోగమే. అయితే ఒక జర్మనీ సినిమా చూశాక ఆయన మనసు మారింది. ముప్పై దాటాక స్వదేశానికి తిరిగి వచ్చి సినిమాలు తీయసాగాడు.

ఆయన తీసిన పెద్ద సినిమాలు ఏడే. అన్నీ తైపే మనుషుల కథలే. వింత ఏమిటంటే, లోకమంతా మెచ్చుకున్న ‘యి యి’ ఆయన బతికి ఉండగా తైవాన్ సినిమా హాళ్ళలో విడుదల కానేలేదు! తైపే పెడతలను తైపేకు చూపిద్దామని ఫోటో తీస్తే, ఆ ఫోటో తైపేకు అందలేదన్న మాట. 2007లో ఆయన చనిపోయాడు.

2023 జూలై నుంచి అక్టోబరు దాకా తైపే లలితకళల మ్యూజియంలో ఆయన పేర పెద్ద ప్రదర్శన జరిగింది. ఆయన చేతిరాత కాగితాలు, గీసిన బొమ్మలు, తీయాలనుకుని తీయలేకపోయిన సినిమాల చిత్తుప్రతులు అన్నీ అందులో పెట్టారు. వాటిని ఇన్నేళ్ళూ జాగ్రత్తగా దాచి ఇచ్చింది ఆయన భార్య. పాత సినిమాలను భద్రపరిచే అక్కడి సంస్థ ఆయన సినిమాలు ఆడించింది. ఆయన లేకపోయినా, ఆయన ఊరివాళ్ళు వచ్చి చూశారు.

‘యి యి’ నిడివి 173 నిమిషాలు. అందులో పెద్దవాళ్ళ గొడవలే ఎక్కువ, మీరు పెద్దయాక చూద్దురుగాని. ఈలోగా ఒక పని చేయండి. కాగితం ముక్క మీద ‘క’ అని రాసి పెడతలకు అంటించుకోండి. పెద్ద అద్దానికి వీపుపెట్టి నిలబడి, చిన్న అద్దం ముఖం ముందు పట్టుకోండి. ఒక్క అద్దంలోనైతే అక్షరం తిరగబడి కనిపించాలి గదా? రెండు అద్దాలు కలిసేసరికి ఎలా కనబడుతుందో చూసి, ఎందుకో చెప్పండి!