ఊరికే వచ్చాను

కొయ్యూరు అనగానే మనలో చాలామందికి ఒక్క తేదీ గుర్తుకు వస్తుంది: 1924 మే 7. అల్లూరి సీతారామరాజును మంప దగ్గర పట్టుకుని, కొయ్యూరు తీసుకువచ్చి, విచారణ అనేది లేకుండా కాల్చి చంపిన రోజు అది. చరిత్ర పాఠంలో ఆ ఊరికి దక్కింది ఆ ఒక్క రోజే. అంతకు ముందునాడు గాని, మర్నాడు గాని ఆ ఊళ్ళో ఎవరింట ఏం వండుకున్నారో, ఎవరి పిల్లవాడికి జ్వరం తగ్గిందో ఏ పుస్తకమూ చెప్పదు. చెప్పనక్కర కూడా లేదనే నేనూ అనుకునేవాణ్ణి. కిందటి వేసవిలో ఆ ఊళ్ళోనే ఒక వసారాలో కూర్చుని విస్తళ్ళు కుడుతూ ఉండగా ఆ అభిప్రాయం కొంచెం సడలింది. ఆ సంగతే ఈ వారం మీతో చెప్పుకుంటాను.

కొయ్యూరులో నాకొక మిత్రుడున్నాడు. వాల్తేరులో ఎం.ఏ. చదివే రోజుల్లో హాస్టల్లో మాది ఒకటే గది. ఇద్దరికీ తెలుగే, ఇద్దరికీ ఖాళీ జేబులే. చదువయ్యాక అతను సొంత ఊళ్ళో బడిపంతులయ్యాడు, నేను నర్సీపట్నంలో కాలేజీ మేష్టర్నయ్యాను. రెండు ఊళ్ళకూ మధ్య ఒక్క బస్సు ప్రయాణం.

వాళ్ళ నాన్నగారు తపాలా శాఖలో చిన్న ఉద్యోగి. తపాలావారింట కార్డులకు కొదవేమిటి అనుకునేవారు కాబోలు, నెలకు రెండు కార్డులు కొడుక్కి తప్పకుండా రాసేవారు. అందులో చివరి పంక్తి మాత్రం నాది: "నీ స్నేహితుణ్ణి అడిగానని చెప్పు." ఆ కార్డుల్లో విశేషమంటూ ఏమీ ఉండేది కాదు. ఇక్కడ వాన పడిందనీ, చింతచెట్టు పూసిందనీ, ఆవు ఈనిందనీ, అమ్మకు మోకాళ్ళ నొప్పి కాస్త నయమనీ. విశేషాలేమీ లేవని చెప్పడానికి ఒక కార్డు ఖర్చా అని మేమిద్దరం నవ్వుకునేవాళ్ళం. అయితే ఏ పక్షమైనా కార్డు రాకపోతే మాత్రం ఇద్దరం కలిసి హాస్టలు గుమాస్తా బల్ల చుట్టూ తిరిగేవాళ్ళం.

ఆ పెద్దాయన అంతకు ముందు సంవత్సరం మే నెలలో పోయారు. నేనప్పుడు విశాఖపట్నంలో పరీక్ష కాగితాలు దిద్దుతున్నాను. కబురు ఫోనులో వచ్చింది. సెలవు అడిగితే ఇచ్చేవారే. నేను అడగలేదు. మర్నాడు వెళదామనుకున్నాను, మర్నాటికి ఇంకో కట్ట వచ్చింది. పెద్దకర్మ నాటికైనా వెళ్ళాలనుకున్నాను. ఆ రోజు మా బంధువులింట పెళ్ళి. ఆ తరవాత ఇంత ఆలస్యంగా ఏ ముఖం పెట్టుకుని వెళ్ళడమా అని సిగ్గు పుట్టింది. ఈ సిగ్గు అనేది విచిత్రమైన అప్పు. రోజులు గడిచినకొద్దీ వడ్డీ పెరుగుతుంది, అందుకని తీర్చడం మరీ వాయిదా పడుతుంది. దసరా వెళ్ళింది, సంక్రాంతి వెళ్ళింది. మిత్రుడు ఒక్కమాట అనలేదు. ఫోను కూడా చెయ్యలేదు. అంటే బాగుండునని కొన్నాళ్ళు వాడి మీదే కోపం తెచ్చుకున్నాను. తప్పు చేసినవాడికి కోపం చాలా సులువుగా వస్తుంది.

సంవత్సరీకం దగ్గరపడ్డాక వాళ్ళావిడ ఫోను చేసి, "అన్నయ్యగారూ, అత్తయ్యగారు మిమ్మల్నీ వదిననూ ముందురోజే రమ్మన్నారు" అంది. నేనింకా ఏం చెప్పాలా అని తడుముకుంటున్నాను. మా ఆవిడ అప్పటికే సంచీలో బట్టలు సర్దేసింది.

బస్సు గొలుగొండ దాటి కృష్ణదేవిపేట చేరింది. రామరాజు సమాధి ఉన్న ఊరు. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు, పనసకాయల బుట్టలు, ఒక మేకపిల్ల. అక్కణ్ణుంచి కొండలు దగ్గరవుతాయి. కిటికీలోంచి జీడిమామిడి పళ్ళ వాసన వస్తుంది. నేను మాత్రం ఇవేవీ పట్టించుకోకుండా నా క్షమాపణ తయారుచేసుకుంటున్నాను. ఇరవైయేళ్ళుగా పాఠాలు చెబుతున్నవాణ్ణి కదా, సమాసాలతో సహా చక్కగానే కుదిరింది. "ఏమిటండీ గొణుగుతున్నారు?" అంది మా ఆవిడ. ఏమీ లేదన్నాను.

ఇంటికి చేరేసరికి మిత్రుడు వాకిట్లో పందిరి రాటలు పాతిస్తున్నాడు. "వచ్చావా" అన్నాడు, అంతే. మళ్ళీ రాట కేసి తిరిగిపోయాడు. నా సమాసాలన్నీ గొంతులోనే ఉండిపోయాయి.

వసారాలో వాళ్ళమ్మగారు చాప మీద కూర్చుని అడ్డాకులతో విస్తళ్ళు కుడుతున్నారు. నన్ను చూసి, "వచ్చావా బాబూ! కాళ్ళు కడుక్కుని వచ్చి ఇలా కూచో. ఆకు ఆరిపోతోంది, నాలుగు కుట్టు" అన్నారు. ఏడాది తరవాత వచ్చినవాడికి ఇదా పలకరింపు అనిపించింది. కాని చేతికి పని దొరికినందుకు లోపల ఎంతో హాయిగా కూడా అనిపించింది.

అడ్డాకు సంగతి పట్నవాసపు పాఠకులకు కాస్త చెప్పాలి. అడ్డ అనేది అడవిలో పెద్ద పెద్ద చెట్ల మీదికి పాకే తీగ. కొయ్యూరుకు పడమటగా ఉన్న అడ్డతీగల పేరులో ఉన్నది ఈ తీగే. ఆకు వెడల్పుగా ఉండి, కొస దగ్గర రెండుగా చీలి, ఆవు గిట్టను తలపిస్తుంది. మన్యంలో ఆడవాళ్ళు అడవికి పోయి ఆకు కోసుకువచ్చి, ఎండబెట్టి, కట్టలు కట్టి సంతకు తెస్తారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ చింతపండు, కరక్కాయలు వంటివాటితోపాటు దీన్నీ కొంటూ వచ్చింది. కుట్టేముందు ఎండాకు మీద నీళ్ళు చిలకరించి తడిగుడ్డ కప్పాలి. లేకపోతే పెళుసెక్కి విరిగిపోతుంది. ఆకు అంచు మీద ఆకు అంచు కప్పి సన్నటి ఈనెతో గుచ్చాలి. చూస్తే ఇంతే. చేస్తే తెలుస్తుంది.

ఇప్పుడు మిషను మీద అచ్చుకొట్టిన విస్తళ్ళు దొరుకుతున్నాయి. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ కంచాలను దేశమంతటా నిషేధించాక ఆకుకు మళ్ళీ కాస్త గిరాకీ వచ్చిందంటారు. కొనుక్కోవచ్చు కదా అన్నాను. "కొనుక్కోవచ్చు. కాని నలుగురూ ఒకచోట కూచోవాలంటే ఏదో ఒక పని ఉండాలి కదా బాబూ" అన్నారావిడ.

చాప మీద మరొకావిడ కూడా ఉంది. కొండమీద పల్లె నుంచి సంతకు ఆకు తెచ్చే మనిషి. ఆవిడ చెయ్యి చూస్తే నాకు చెయ్యాడలేదు; నేను ఒకటి కుట్టేలోగా నాలుగు కుట్టేస్తోంది. కాసేపటికి ఆవిడ లేచి, ముడుపులోని చుట్ట తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. అదే అదనుగా నేను గొంతు సవరించుకుని, "అమ్మా, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాను.

ఆవిడ చేతిలో పని ఆపలేదు. "ఆ రోజు నువ్వు రాలేదని నాకేం పట్టింపు లేదు బాబూ. ఆ రోజు ఇల్లంతా జనమే. ఎవరొచ్చారో ఎవరు రాలేదో చూసుకునే ఒళ్ళెరుక నాకెక్కడిది? పెద్దకర్మ అయ్యాక అందరూ బస్సులెక్కి వెళ్ళిపోయారు. వీడు బడికి పోయేవాడు, కోడలు వంటింట్లో ఉండేది. అప్పుడు చూసేదాన్ని గుమ్మం కేసి."

నా దగ్గరున్న సమాసాల్లో ఏదీ దానికి జవాబు కాదు.

"ఇదుగో ఈ ఆకుల మనిషి ఉందే, దానికి ఆ కబురు నెల్లాళ్ళకు గాని తెలియలేదు. తెలిసినప్పటినుంచి ప్రతి సంతకీ వస్తుంది. పావుగంట కూచుంటుంది. 'ఏం పని మీద వచ్చావే' అంటే 'ఊరికే వచ్చాను' అంటుంది. మా ఆయన పేరు కూడా ఎత్తదు. వాన పడిందంటుంది, మేక ఈనిందంటుంది, వెళ్ళిపోతుంది."

వాన పడింది, మేక ఈనింది! ఆ కార్డులు నాకు కళ్ళకు కట్టాయి. విశేషం లేదని మేము నవ్వుకున్న ఆ కార్డుల్లో విశేషం ఏమిటో ఇరవైయేళ్ళ తరవాత, ఈనె వేలికి గుచ్చుకుని, ఆ వసారాలో బోధపడింది. ఆయన మాకు వార్తలు రాయలేదు. తాను ఉన్నానని రాశారు. నేను పోగొట్టుకున్నది ఒక్క చావురోజు అనుకుని సంవత్సరం పొడుగునా బాధపడ్డాను. నిజానికి పోగొట్టుకున్నది ఆ తరవాత వచ్చిన మామూలు రోజులన్నిటినీ. అందులో ఏ రోజున వెళ్ళినా సరిపోయేది. వెళ్ళి వాన పడిందన్నా సరిపోయేది.

మర్నాడు కార్యం సక్రమంగా జరిగింది. మధ్యాహ్నం పంక్తిలో పనసపొట్టు కూర, గారెలు, బూరెలు. నా ఖర్మకొద్దీ నేను కుట్టిన విస్తరే నా ముందుకు వచ్చింది. పులుసు పోసేసరికి ఆకుల సందులోంచి కారి నా ధోవతి మీదికి దారి తీసింది. వడ్డిస్తున్న మిత్రుడు ఆగి, విస్తరి కేసి, నా కేసి చూశాడు. "అమ్మా! వీడికి ఎం.ఏ.లో కూడా ఇంతే. ఎప్పుడూ సంధి కుదిరేది కాదు" అన్నాడు. పంక్తి అంతా నవ్వింది. ఏడాదిగా మా మధ్య కుదరని సంధి ఆ ముక్కతో కుదిరింది.

సాయంత్రం ఇద్దరం ఊరి చివరిదాకా నడిచాం. వాడన్నాడు: "పిల్లలకు రామరాజు పాఠం చెబుతానా, 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్లు అంటే నోళ్ళు తెరుచుకుని వింటారు. గాము గంటందొర, మల్లుదొర పేర్లు చెబితే రాసుకుంటారు. మల్లుదొర 1952లో పార్లమెంటు సభ్యుడయ్యాడంటే ఆశ్చర్యపోతారు. కిందటేడు ఒక ఆడపిల్ల లేచి, 'మేష్టారూ, అన్నాళ్ళూ వాళ్ళకు అన్నం ఎవరు వండారు?' అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు."

స్టేషన్ల మీద దాడి మూడు రోజుల పని. ఆ తరవాత ఇంచుమించు రెండేళ్ళు ఆ దళం కొండల్లో నిలిచిందంటే, ఏ పల్లెలోనో ఎవరో ఒక తల్లి మామూలుగా పొయ్యి వెలిగించి, జావ కాచి పోసే ఉంటుంది. ఆమె పేరు ఎక్కడా లేదు. ఆ చెయ్యి లేకపోతే మనం చదువుకునే ఆ మూడు తేదీల తరవాత కథ ముందుకు సాగేది కాదు. 2022లో ఈ ప్రాంతానికి రామరాజు పేరుతోనే జిల్లా ఏర్పడింది. ఆ పేరులో ఆ జావకుండకూ కొంత వాటా ఉందని నాకనిపించింది.

మన ఇళ్ళలోనూ అంతే కదా. పెళ్ళిళ్ళకు, పేరంటాలకు, కర్మలకు తేదీ చూసుకుని తప్పకుండా వెళతాం; వెళ్ళలేకపోతే నొచ్చుకుంటాం. వెళ్ళవలసిందే. అయితే పందిరి విప్పాక ఆ ఇంట్లో మిగిలే మనుషులకు మంగళవారాలూ బుధవారాలూ వస్తాయి. వాటికి శుభలేఖలు ఎవరూ అచ్చువేయించరు. పిలుపు లేని ఆ రోజున గుమ్మంలో ఒక మనిషి కనిపిస్తే ఎలా ఉంటుందో ఆ ఇంటివారికే తెలుసు.

తిరిగి వచ్చేటప్పుడు అమ్మగారు మా ఆవిడ చేతిలో ఒక అడ్డాకు కట్ట పెట్టారు. అది మా వంటింటి గోడకు ఆనించి ఉంది. ఆదివారం మధ్యాహ్నాలు మేమూ పిల్లలూ చుట్టూ కూర్చుని నాలుగేసి కుడతాం. పిల్లలు ముందు సణిగారు. ఇప్పుడు కాలేజీ కబుర్లన్నీ అక్కడే చెబుతున్నారు. నా విస్తళ్ళు ఇప్పటికీ కారుతూనే ఉన్నాయి.

వచ్చే వారం పండగేమీ లేదు. ఎవరింటా శుభకార్యమూ లేదు. అందుకని మేమిద్దరం కొయ్యూరు వెళుతున్నాం.