పోయినవాళ్ల చేంజ్ రిక్వెస్ట్

అరకులో ఓ సవర బొమ్మ కొన్నాను. ఎర్ర నేల మీద తెల్లటి పుల్లల్లాంటి మనుషులు. ఒంటికి రెండు త్రికోణాలు, అంతే. తెచ్చి సోఫా పైన తగిలించా.

తర్వాత తెలిసింది, ఇది అలంకారానికి పుట్టిన బొమ్మ కాదని. ఒడిశా వైపు సవరలు దీన్ని ఇడితాల్ అంటారు. పోయినవాళ్లు వచ్చి ఉండడానికి గోడ మీద బియ్యప్పిండితో గీసే ఇల్లు. వెరియర్ ఎల్విన్ 1955లో వచ్చిన పుస్తకంలో రాశాడు: గీయడం అయ్యాక పూనకంలో ఆ ఆత్మనే అడుగుతారట, బాగుందా అని. నచ్చకపోతే మార్పులు చెబుతుంది! మా క్లయింట్లే నయం. ఏనుగులు, గుర్రాలే కాదు, రైళ్లు, విమానాలు కూడా గీస్తారు.

మా తాతయ్య ఫోటోకి దండ వేసి రెండేళ్లయింది. నచ్చిందా అని ఎవరమూ అడగలేదు. అడిగితే, ముందు నా లూనా గీయరా అనేవారు.