బొమ్మ ఆమెది, పేరు ఎవరిది?

హైదరాబాద్ హైటెక్ సిటీలో చాలా ఆఫీసుల రిసెప్షన్ గోడల మీద ఒక తెలంగాణ అమ్మ ఉంటుంది. నుదుట నిండు బొట్టు, ముక్కుపుడక, జరీ అంచు ఎర్రచీర, చేతి మీద చిలక. కొన్నిచోట్ల అది తోట వైకుంఠం గారు స్వయంగా వేసిన చిత్రం. ఎక్కువచోట్ల ప్రింటు, లేదా ఆయన్ని చూసి మరెవరో వేసిన బొమ్మ. బయటికొస్తే ఫ్లైఓవర్ స్తంభాల మీద బతుకమ్మ పట్టుకున్న అమ్మాయి, బోనమెత్తిన ఇల్లాలు. మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా ఆడవాళ్ల బొమ్మలు లేని దారి లేదు.

ఆ బొమ్మల మీద మాకు ఫిర్యాదు లేదు. వైకుంఠం గారు తమ ఊరు బూరుగుపల్లిలో చూసిన ఆడవాళ్లనే జీవితమంతా గీశారు. తెలంగాణ పల్లె మనిషి పట్నం డ్రాయింగు రూములోకి దర్జాగా నడిచి రావడం వెనక ఆయనదీ, చిత్రకారులు లక్ష్మాగౌడ్ గారిదీ, కాపు రాజయ్యదీ పెద్ద కృషి ఉంది. మేం అడగదలచుకున్నది వేరే. గోడల మీద ఇందరు ఆడవాళ్లున్న ఈ ఊళ్లో, బొమ్మ కింద కుడిమూల చేసే సంతకాల్లో ఆడపేర్లు ఎన్ని?

1989లో న్యూయార్క్‌లో గొరిల్లా ముసుగులు తగిలించుకున్న కొందరు స్త్రీలు ఇదే ప్రశ్నతో మెట్రోపాలిటన్ మ్యూజియంలోకి వెళ్లి లెక్కపెట్టారు. ఆధునిక కళా విభాగంలో స్త్రీ చిత్రకారులు అయిదు శాతం కూడా లేరు. అదే విభాగంలో దిగంబర చిత్రాల్లో 85 శాతం స్త్రీలవే. గెరిల్లా గర్ల్స్ అనే ఆ బృందం వాళ్లు ఆ రెండు అంకెల్నీ ఒక పోస్టరు మీద పక్కపక్కన అచ్చేశారు. పెద్ద పెద్ద సిద్ధాంతాలు చేయలేని పనిని ఆ పోస్టరు చేసింది. మన దగ్గరా ఎవరో ఒకరు అలా కూర్చుని లెక్కపెట్టాలి.

మన చరిత్రలో చిత్రకారిణులు లేకపోతే కదా! రాజమండ్రి దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్లినవారికి ఈ సంగతి కంటికే తెలుస్తుంది. 1925లో మశూచితో ఇరవై ఎనిమిదో ఏటనే కన్నుమూసిన రామారావుని మనం ఆధునికాంధ్ర చిత్రకళకు ఆద్యుడిగా తలుచుకుంటాం. తలుచుకోవాలి కూడా. ఆయన భార్య సత్యవాణి బొమ్మలు వేసింది. చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ బొమ్మలు వేసింది. ఇద్దరి చిత్రాలూ ఆ గ్యాలరీలో ఉన్నాయి. వందేళ్ల కిందట, ఆడపిల్ల బడికి వెళ్లడమే వార్త అయిన రోజుల్లో, గోదావరి ఒడ్డున ఒకే ఇంట్లో ముగ్గురు చిత్రకారులు. ముగ్గురిలో ఒక్కరే మన పుస్తకాల్లోకి ఎక్కారు. మిగిలిన ఇద్దరూ ఆయన చరిత్రలో ఒక వాక్యంగా మిగిలారు. బుచ్చికృష్ణమ్మ చిత్రాలతో విడిగా ఒక పుస్తకం, సత్యవాణి మీద విడిగా ఒక వ్యాసం ప్రతి తెలుగు గ్రంథాలయంలో ఉండాల్సినవి.

ఆడపేరు ఎక్కడ జారిపోతుందో సాహిత్యం వాళ్లకు బాగా తెలుసు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని కాలపు ముద్దుపళని ‘రాధికాసాంత్వనం’ రాసింది. అందులోని శృంగారం మీద జరిగిన రచ్చ అందరికీ తెలుసు. అంతగా చెప్పుకోని సంగతి ఒకటుంది. పందొమ్మిదో శతాబ్దం చివర ఆ కావ్యం అచ్చయినప్పుడు, కవయిత్రి తన గురించీ తన వంశం గురించీ చెప్పుకున్న అవతారిక పద్యాలే ఎగిరిపోయాయి. కావ్యం మిగిలింది, రాసిన మనిషి పోయింది. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ పట్టుపట్టి 1910లో పూర్తి పాఠాన్ని అచ్చు వేయించింది. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులు మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు గానీ ఆ నిషేధం తొలగలేదు. ఒక స్త్రీ పేరు నిలబెట్టడానికి ఇంకో స్త్రీ అంత ఖర్చూ అంత నిందా మోయాల్సి వచ్చింది.

నాట్యం కథ ఇంకా చిత్రం. కూచిపూడిలో తరతరాలుగా సత్యభామ వేషం మగవాళ్లదే. వేదాంతం సత్యనారాయణ శర్మ జడ విసిరితే ఆడవాళ్లే అబ్బురపడి చూసేవారు. ఆ ప్రతిభకు చేతులెత్తి మొక్కాల్సిందే. ఆయనకు ముందు తరాల్లోనే, అదే కోస్తా జిల్లాల్లో, ఆటపాటలే వృత్తిగా బతికిన కళావంతుల కుటుంబాల స్త్రీలూ సత్యభామే నాయికైన భామాకలాపం ఆడారు. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టంతో, దాని చుట్టూ ముసిరిన చిన్నచూపుతో వాళ్ల వేదిక మూతపడింది. 2010 డిసెంబరులో గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో 2,800 మందికి పైగా ఒకేసారి కూచిపూడి నర్తించి గిన్నిస్ రికార్డు కొట్టారు. ఇవాళ ఏ కూచిపూడి క్లాసు చూసినా ఎక్కువమంది ఆడపిల్లలే. తమకంటే ముందు ఆ సత్యభామను ఆడిన కళావంతుల ఊరు, పేరు కూడా వాళ్ల పాఠంలో ఉండాలని మా కోరిక.

ఇక ఆఫీసు బొమ్మల నుంచి కాస్త ఆ ఆఫీసుల ముందరి శిల్పారామానికి నడుద్దాం. సైబర్ టవర్స్‌కు కూతవేటు దూరంలో ఉన్న ఈ చేతిపనుల పల్లెలో పోచంపల్లి ఇక్కత్ చీర కొనని ఐటీ ఉద్యోగిని తక్కువ. పండగ ముందు ఆఫీసులో సంప్రదాయ దుస్తుల రోజు వచ్చిందంటే ఇక్కత్ లేకుండా గడవదు. ఆ చీర మీది డిజైను మగ్గం మీద పుట్టదు. మగ్గం ఎక్కకముందే, రంగు అద్దకముందే, ఆసు దగ్గర మొదలవుతుంది. అర్ధచంద్రంలా వంగిన చట్రం మీద మేకులుంటాయి. ఒక స్త్రీ దాని ముందు కూర్చుని పేక దారాన్ని ఈ కొస నుంచి ఆ మేకుకు, ఆ మేకు నుంచి ఈ కొసకు వేస్తుంది. పోగు పోగుకూ లెక్క ఉండాలి. ఒక్క పోగు తప్పితే రంగు తప్పుతుంది, పువ్వు వంకర పోతుంది. ఒక చీరకు చెయ్యి 9,000 సార్లు అటూ ఇటూ కదలాలి. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే 18,000 సార్లు. ఆ పని చేసే తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేకే ఆలేరు దగ్గరి శారాజీపేట కుర్రాడు చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి కుస్తీపట్టి 1999లో ఆసు యంత్రం తయారు చేశాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నూరుపాళ్లూ అర్హుడు. ఆ యంత్రం వచ్చే దాకా తరతరాలుగా చీర మీది లెక్కనంతా భుజాల్లో మోసిన ఆడవాళ్లను డిజైనర్లు అని పిలిచినవారు లేరు. నేసినాయన పేరు చీర మీద చీటీకి ఎక్కుతుంది. ఆసు పోసిన ఆమె పేరు ఎక్కదు. 2019-20 జాతీయ చేనేత గణన ప్రకారం దేశంలో నేత పనిచేసేవారిలో నూటికి 70 మందికి పైగా స్త్రీలే. ఇక్కత్ కొనేటప్పుడు ఆ సంఖ్యను ఒక్కసారి గుర్తు చేసుకోండి.

చేర్యాల పటమూ అంతే. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పూతలు పూతలుగా పట్టించి ఎండబెట్టాలి. పూత సరిగా లేకపోతే రంగు పెచ్చులూడుతుంది. ఈ పటాలు వేసే నకాషీల ఇళ్లలో ఆ పూతలోనూ, రంగులు నింపడంలోనూ ఆడవాళ్ల చేతులు ఎప్పుడూ ఉన్నాయి. అదృష్టవశాత్తూ ఇక్కడ కొంత మార్పు వచ్చింది. నకాషీ వైకుంఠం గారితో పాటు ఆయన భార్య వనజ గారిని కూడా చిత్రకారిణిగానే లోకం గుర్తించింది. ఒకే ఇంటి నుంచి ఇద్దరి పేర్లూ వినిపించడం సాధ్యమేనని అది చూపించింది. అంతకుముందే ఈ నగరంలో ఇంకో మంచి ఉదాహరణ ఉంది. 1976లో ఏర్పడిన జగదీశ్, కమలా మిత్తల్ భారతీయ కళా మ్యూజియం. శాంతినికేతన్‌లో చదువుకున్న ఆ భార్యాభర్తలు జీవితకాలం పోగుచేసిన కళాసంపదకు ఇద్దరి పేర్లూ పెట్టారు.

మరి ఇవాళ్టి చిత్రకారిణుల సంగతి? గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో లలితకళల విభాగం ఉన్న స్కూలుకు పేరే సరోజినీ నాయుడుది. కావూరి హిల్స్‌లో, ఐటీ దారికి ఆనుకునే, రాష్ట్ర ప్రభుత్వ స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ ఉంది. నగరంలో పేరున్న గ్యాలరీలు కొన్నింటిని నడుపుతున్నదే స్త్రీలు: శ్రిష్టి గ్యాలరీ లక్ష్మీ నంబియార్, ధీ ఆర్ట్‌స్పేస్ భార్గవి గుండాల, ఐకాన్ ఆర్ట్ అవనీ రావు గండ్ర. అవని గారు స్వయంగా చిత్రకారిణి. అంజనీరెడ్డి, కవితా దేవుస్కర్ లాంటి పెద్దలు దశాబ్దాలుగా పని చేస్తున్నారు. కవిత గారి చిత్రాల్లో ఆడవాళ్లను చూడండి. గాజులమ్మే ఆమె, పూలమ్మే ఆమె, ముచ్చట్లలో మునిగిపోయిన ఇరుగుపొరుగు. వాళ్లకు మనం చూస్తున్నామన్న ధ్యాసే ఉండదు, వాళ్ల పనిలో వాళ్లుంటారు. ఆ స్వేచ్ఛ రిసెప్షన్ గోడ మీది అమ్మకు ఉండదు. ఆమె మన వైపు తిరిగి నిలబడాల్సిందే.

ఇంతమంది ఉన్నా, ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ పుచ్చుకున్న అమ్మాయిలు మొదటి సోలో షో దగ్గరికి వచ్చేసరికి పలచబడిపోవడం ఈ రంగంలో ఉన్నవారందరూ చూస్తున్నదే. పెళ్లి, పిల్లలు అన్న సమాధానం తేలిగ్గా వస్తుంది. అది సగమే. మిగిలిన సగం చదరపు అడుగుల్లో ఉంది. మన మార్కెట్లో బొమ్మ ధర చాలావరకు కొలతను బట్టి కడతారు, అంగుళానికింత అని. పెద్ద బొమ్మకు పెద్ద ధర. ఆరడుగుల క్యాన్వాసు వేయాలంటే ఆరడుగుల ఖాళీ గోడ, వెనక్కి నడిచి చూసుకోవడానికి పదడుగుల నేల, టర్పెంటైన్ వాసన పోవడానికి ఒక కిటికీ కావాలి. కంపెనీలు వచ్చాక మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలిలో అద్దెలు ఎక్కడికి పోయాయో అందరికీ తెలుసు. ఇంట్లో ఒకే ఒక గది ఖాళీ ఉంటే అది భర్తగారి వర్క్ ఫ్రమ్ హోమ్‌కు పోతుంది. చిత్రకారిణికి మిగిలేది భోజనాల బల్ల, రాత్రి పది తర్వాత. ఆ బల్ల మీద పట్టేంత బొమ్మే ఆమె వేస్తుంది. చిన్న బొమ్మకు చిన్న ధర. చిన్న ధర బొమ్మలు వేసే మనిషిని గ్యాలరీ చిన్న ఆర్టిస్టుగానే చూస్తుంది. ఊరికి దూరంగా రిసార్టుల్లో వారం రోజులు జరిగే ఆర్ట్ క్యాంపులకు పసిపిల్లల తల్లి వెళ్లలేదు. పరిచయాలు, కొనుగోళ్లు, తర్వాతి పిలుపులు అక్కడే కుదురుతాయి. ప్రతిభను ఎవరూ తూకం వేయకముందే ఆమె పందెం నుంచి పక్కకు జరిగిపోతుంది.

2023లో అమృతా షేర్‌గిల్ చిత్రం 61.8 కోట్లు పలికింది కదా, ఇక లోటేముంది అనేవాళ్లు ఉన్నారు. షేర్‌గిల్ 1941లోనే పోయింది. ఆ సొమ్ముతో బతికున్న ఏ చిత్రకారిణికీ గది అద్దె తీరదు. మారాల్సింది ఎంచే చేతులు. కొచ్చి బినాలే కళాప్రదర్శనకు 2018లో తొలిసారి ఒక స్త్రీ, అనితా దూబే, క్యూరేటర్ అయ్యారు. ఆ ఏడాది పాల్గొన్న కళాకారుల్లో సగానికి పైగా స్త్రీలే. ప్రతిభావంతులైన స్త్రీలు ఆ ఒక్క ఏడాదిలో కొత్తగా పుట్టుకు రాలేదు, ఉన్నవాళ్లను వెతికారు.

అందుకే మా మాట నేరుగా ఈ ఐటీ దారిలో ఉన్నవాళ్లతోనే. లాబీ గోడకు బొమ్మ ఎంచే పని చాలా కంపెనీల్లో ఇంటీరియర్ కాంట్రాక్టరుకు అప్పజెబుతారు. సోఫా, లైటు, బొమ్మ అన్నీ ఒకే బిల్లులో వస్తాయి. బొమ్మల్ని ఆ బిల్లు నుంచి విడదీయండి. కొనేవాటిలో సగం తెలుగు రాష్ట్రాల్లో పనిచేస్తున్న స్త్రీలవి కొనండి. స్టేట్ గ్యాలరీ వారు ఏటా ఎందరి చిత్రాలు ప్రదర్శించారో, అందులో స్త్రీలెందరో గ్యాలరీ గుమ్మం దగ్గరే రాసిపెట్టాలి. శిల్పారామం దుకాణాల్లో చీరకూ పటానికీ కట్టే చీటీ మీద ఆసు పోసిన ఆమె పేరు, పూత పూసిన ఆమె పేరు కూడా ఉండాలి. రెండు పేర్లు పట్టే చీటీ అచ్చు వేయించడానికి ఏమంత ఖర్చు? సాయంత్రం అయిదు తర్వాత ఖాళీగా పడుండే ప్రభుత్వ భవనాలు ఈ ప్రాంతంలో ఉన్నాయి. వాటిలో కొన్ని గదులు, పిల్లల్ని చూసుకునే ఒక ఆయాతో సహా, చిత్రకారిణులకు నామమాత్రపు అద్దెకు ఇవ్వొచ్చు.

మార్చి 8న ఆఫీసుల్లో ముగ్గుల పోటీలు, కప్‌కేకులు, గులాబీలు ఉంటాయి. సంతోషమే. ఆ రోజుకు కేటాయించే సొమ్ములో కొంత తీసి ప్రతి క్యాంపసూ ఒక చిత్రకారిణి నుంచి ఒక బొమ్మ కొనాలి, ఆమె చెప్పిన ధరకు, బేరమాడకుండా. బొమ్మ పక్కన ఆమె పేరు, ఊరు తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలి. చెల్లింపు మటుకు అకౌంట్స్ విభాగంలో మూడు నెలలు నలగకూడదు, ఆ వారంలోనే ఆమె ఖాతాలో పడాలి. ఫ్రేము కట్టినవాడికీ, బొమ్మను మోసుకొచ్చిన ఆటోకూ ఆమె తన చేతి డబ్బు అప్పటికే ఇచ్చేసి ఉంటుంది.